అప్ అండ్ డౌన్ కారు: నల్లగొండ, పాలమూరు దారుల మీద అసలు లెక్క

ఈ జిల్లాల్లో నౌకరీతో పాటు "అప్ అండ్ డౌన్" కూడా వస్తుంది. ఇల్లు నల్లగొండలో, బడి దేవరకొండ దగ్గర. ఇల్లు మహబూబ్‌నగర్‌లో, ఆఫీసు నారాయణపేటలో. మిర్యాలగూడలో కాపురం, దామరచర్ల దగ్గర యాదాద్రి పవర్ ప్లాంటులో డ్యూటీ. జడ్చర్ల పక్కన పోలేపల్లి ఫార్మా కంపెనీలకైతే ఇటు పాలమూరు నుంచి, అటు హైదరాబాద్ నుంచి కూడా జనం వచ్చిపోతుంటారు. పిల్లల చదువుల కోసం కాపురం పెద్ద ఊళ్లో పెట్టి, పొద్దున పోయి సాయంత్రం వచ్చే బతుకు ఇది. కొన్నేండ్లు మోటార్ సైకిల్ మీద తిరిగాక నడుము మొరాయిస్తుంది, లేదంటే మే నెలలో ఒకరోజు వడదెబ్బ తగులుతుంది. అప్పుడు ఇంట్లో కారు మాట మొదలవుతుంది. మొదలైన వెంటనే వచ్చే ప్రశ్న ఒక్కటే: "మైలేజీ ఎంతిస్తది?"

అడగాల్సిన ప్రశ్నే, కాకపోతే దాని వంతు మూడోది. మొదటిది, రోజూ పోయే దారి ఎట్లాంటిది? రెండోది, ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు? ఈ రెండూ తేలకుండా మైలేజీ అంకె పట్టుకొని షోరూంకు పోతే తిరిగి వచ్చేది అమ్మేవాడికి నచ్చిన కారుతోనే.

బ్రోచర్‌లో 25 అని రాసిన కారు రోడ్డెక్కాక 18 ఇస్తే కంపెనీని తిట్టుకోవడం మామూలే. నిజానికి ఆ 25 అబద్ధం కాదు. దాన్ని కొలిచిన చోటు వేరు. మన దేశంలో మైలేజీ పరీక్ష రోడ్డు మీద జరగదు. ప్రయోగశాలలో కారు చక్రాలను రోలర్ల మీద పెట్టి, ఏసీ ఆపి, ముందే రాసిపెట్టిన వేగాల ప్రకారం సుమారు 20 నిమిషాలు తిప్పుతారు. ఆ పరీక్షలో వేగం 90 దాటదు. ఎదురుగాలి ఉండదు, ఊరూరికీ స్పీడ్ బ్రేకర్ ఉండదు, వెనుక సీట్లో ముగ్గురు టీచర్లు ఉండరు. అందుకే బ్రోచర్ అంకెను ఒక కారుతో ఇంకో కారును పోల్చడానికి వాడుకోవాలి తప్ప నెల బడ్జెట్ వేసుకోవడానికి కాదు. ఇంట్లో లెక్కకు అందులో నాలుగింట మూడు వంతులు పట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. సొంత కారు సంగతి తేలాలంటే ట్యాంకు నిండా పోయించి, మీటర్ రీడింగ్ రాసుకొని, మళ్లీ అదే బంకులో నిండా పోయించి చూడాలి. ఒక్కసారి కాదు, మూడు నాలుగు సార్లు.

ఇప్పుడు డబ్బు లెక్క. 2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గాక హైదరాబాద్‌లో పెట్రోలు లీటరు 107 రూపాయల పైన నిలిచింది. సులువు కోసం 108 అనుకుందాం. 18 ఇచ్చే కారుకు కిలోమీటరుకు 6 రూపాయలు. 22 ఇచ్చే కారుకు 4 రూపాయల 90 పైసలు. తేడా రూపాయి పది పైసలు. రోజుకు 40 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు తిరిగేవాళ్లకు ఏడాదికి 12,000 కిలోమీటర్లు అవుతుంది. అంటే రెండు కార్ల మధ్య ఏడాదికి 13,000 రూపాయలు, నెలకు 1,100. తీసేసే సొమ్ము కాదు. కానీ దీని కోసమే నెల రోజులు తలబద్దలు కొట్టుకొని, కారు ధరలో లక్ష రూపాయల దగ్గర కళ్లు మూసుకోవడం చాలా ఇళ్లలో జరిగే పని.

పెద్ద ఖర్చు పెట్రోలు బంకులో కనిపించదు. ఒక కారు ఆన్ రోడ్ తొమ్మిదిన్నర లక్షలకు వచ్చింది, అయిదేండ్లకు అయిదు లక్షలకు అమ్ముడుపోయింది అనుకుందాం. కరిగిపోయింది నాలుగున్నర లక్షలు, ఏడాదికి 90,000. ఏడాదికి 12,000 కిలోమీటర్లే తిరిగితే కిలోమీటరుకు ఏడున్నర రూపాయలు. పెట్రోలు ఆరే. దీనికి తోడు ఏడు లక్షల అప్పు 9 శాతం వడ్డీకి అయిదేండ్ల కిస్తీల మీద తీసుకుంటే నెలకు దాదాపు 14,530 కట్టాలి. మొత్తం మీద వడ్డీ ఒక్కటే లక్షా 72 వేలు. అది కిలోమీటరుకు ఇంకో మూడు రూపాయల కింద పడుతుంది. ఇన్సూరెన్సు, సర్వీసింగ్, టైర్లు వేరే. అన్నీ కలిపితే తక్కువ తిరిగే కారు కిలోమీటరుకు 18, 19 రూపాయలు తింటుంది. అందులో పెట్రోలు వాటా మూడో వంతే.

దీన్నిబట్టి ఒక సంగతి తేటగా కనిపిస్తుంది. రోజుకు 40 కిలోమీటర్ల లోపు తిరిగేవాళ్లకు పొదుపు అంటే ఎక్కువ మైలేజీ ఇచ్చే కొత్త కారు కాదు, తక్కువ ధరకు దొరికే మంచి కారు. మూడు నాలుగేండ్లు నడిచిన కారు మీద మొదటి యజమాని అప్పటికే పెద్ద దెబ్బ తిని ఉంటాడు. రోజుకు 80, 120 తిరిగేవాళ్ల లెక్క తలకిందులు. నల్లగొండ నుంచి దేవరకొండ దగ్గర దగ్గర 60 కిలోమీటర్లు. రానుపోను 120, నెలకు 3,000, ఏడాదికి 36,000. అక్కడ కిలోమీటరుకు రూపాయి తేడా అంటే ఏడాదికి 36,000 రూపాయలు. మైలేజీ ప్రశ్నకు అసలైన బలం వచ్చేది ఆ దారుల మీదే.

ఇక హైదరాబాద్. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా ఇంచుమించు 100 కిలోమీటర్లు. ఒక్కరే కారులో రోజూ పోయి వస్తే నెలకు 5,000 కిలోమీటర్లు. 20 మైలేజీ వచ్చినా 250 లీటర్లు, అంటే 27,000 రూపాయలు. ఎల్బీ నగర్‌లోనో, శంషాబాద్‌లోనో ఇల్లు అద్దెకు తీసుకున్నా అంత కాదు. ఏ పెట్రోలు కారు కొన్నా ఆ లెక్క పెద్దగా మారదు. రెండు జిల్లాలకూ రైళ్లున్నాయి, బస్సులున్నాయి. 2023 డిసెంబరు నుంచి మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. కారు ఎంత పొదుపైనదైనా సున్నా రూపాయలతో పోటీ పడలేదు. కారు కొనాలా వద్దా అన్నది తేల్చుకునేటప్పుడు పోల్చాల్సింది ఇంకో కారుతో కాదు, ముందు ఈ బస్సుతో.

సీట్లు నింపడమే మైలేజీ

ఈ పొదుపు విద్యను ఇక్కడి టీచర్లు ఎప్పుడో కనిపెట్టారు. పొద్దున ఎనిమిది గంటలకు నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒకరు, దేవరకొండ రోడ్డులో ఇద్దరు ఎక్కుతారు. ఒకరి కారు, నలుగురి పెట్రోలు. 120 కిలోమీటర్లకు ఆరు రూపాయల చొప్పున 720. తలా 180. ఇదే దారికి 22 మైలేజీ ఇచ్చే కారులో ఒక్కరే పోతే 590 అవుతుంది. అంటే గొప్ప మైలేజీ కారు 130 రూపాయలు మిగిల్చిన చోట, నిండిన సీట్లు 540 మిగిల్చాయి.

అయితే ఈ ఏర్పాటు ఉన్నవాళ్లు కొనాల్సిన కారు వేరు. నలుగురు పెద్ద మనుషులు, నాలుగు సంచులు, నాలుగు టిఫిన్ బాక్సులు ఎక్కితే ఒక లీటరు ఇంజన్ కారు ఏసీ వేసుకొని ఓవర్‌టేక్ చేయడానికి ఆపసోపాలు పడుతుంది. డ్రైవర్ గేరు తగ్గించి తొక్కుతాడు, మైలేజీ అక్కడే పోతుంది. 1.2 లీటర్ల ఇంజన్ కాగితం మీద కొంచెం ఎక్కువ తాగినట్టు కనిపించినా నిండు బరువుతో హాయిగా లాగుతుంది. రెండోది, బరువుకు కారు కిందికి దిగుతుంది. స్విఫ్ట్, డిజైర్ లాంటి కార్లకు నేల నుంచి ఎత్తు 163 మిల్లీమీటర్లు. ఖాళీగా ఉన్నప్పుడు గడిచే స్పీడ్ బ్రేకర్, నిండినప్పుడు అడుగున గీస్తుంది. టాటా పంచ్ లాంటి వాటికి అది 187. ఒక్క అంగుళం తేడాయే, కానీ ఊరి జనం సొంతంగా పోసుకున్న కాంక్రీటు బ్రేకర్ల మీద ఆ అంగుళం విలువ తెలుస్తుంది.

ఐదో మనిషి ఎక్కితే కథ వేరే. వెనుక సీటు మధ్యలో కాళ్ల దగ్గర గుట్టలా లేచి ఉంటుంది, వెన్నుకు ఆనే చోట గట్టిగా ఉంటుంది. అక్కడ ఎవరు కూర్చోవాలన్నది సీనియారిటీ తేలుస్తుంది. కొత్తగా డీఎస్సీలో వచ్చిన కుర్రాడే ఎప్పుడూ మధ్యలో.

ఒక్క జాగ్రత్త. తోటి ఉద్యోగులు పెట్రోలు పంచుకోవడం వేరు, తెల్ల నంబర్ ప్లేట్ కారులో మనిషికింత అని కిరాయి వసూలు చేయడం వేరు. రెండోది అనుమతి లేని పని. అట్లాంటి ప్రయాణంలో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేయవచ్చు.

సుఖం అంటే మెత్తని సీటు కాదు

షోరూంలో కూర్చోగానే మెత్తగా లోపలికి దిగే సీటు మొదట బాగుంటుంది. గంట కూర్చున్నాక నడుము పట్టేసేది అదే. రోజూ తిరిగేవాళ్లు చూడాల్సింది తొడల కింద ఆనిక ఎంతుంది, క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు చాచాల్సి వస్తున్నదా, స్టీరింగ్ పట్టుకున్నప్పుడు భుజాలు సీటును వదిలి ముందుకు వస్తున్నాయా అన్నవి. యాభై దాటినవాళ్లకు ఇంకోటి ముఖ్యం. కారులోకి దిగి కూర్చోవాలా, పక్కకు జరిగి కూర్చుంటే చాలా? మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వ్యాగన్ ఆర్ లాంటి ఎత్తు కారును ఎందుకు వదలరో ఇందులోనే ఉంది. దాని రూపం చూసి అగ్గిపెట్టె అని నవ్వేవాళ్లు ఉంటారు. కానీ రోజుకు ఆరుసార్లు ఎక్కి దిగే మనిషి మోకాళ్లకు డబ్బా ఆకారమే హాయి.

తర్వాత టైర్లు. ఒకే కారులో కింది మోడల్‌కు 14 అంగుళాల ఇనుప చక్రం, పై మోడల్‌కు 15 అంగుళాల అల్లాయ్ ఇస్తారు. అల్లాయ్ చూడముచ్చటగా ఉంటుంది. కానీ చక్రం పెద్దదయ్యే కొద్దీ దాని చుట్టూ రబ్బరు గోడ పలుచనవుతుంది. గుంతలో పడ్డప్పుడు దెబ్బను మింగేది ఆ రబ్బరు గోడే. గుంతలున్న మండల రోడ్డు మీద కింది మోడల్ కారే మెత్తగా పోతుంది, టైరు ధర కూడా తక్కువ. ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ సుఖం కొనుక్కోవడం కార్లలో అరుదేమీ కాదు.

గేర్ల సంగతికి వస్తే, హైదరాబాద్ ట్రాఫిక్‌లో పడేవాళ్లకే ఆటోమేటిక్ అవసరమని ఒక అభిప్రాయం ఉంది. మన పల్లె రోడ్డును ఒకసారి లెక్కపెట్టి చూడాలి. 20 కిలోమీటర్లలో పదిహేను స్పీడ్ బ్రేకర్లు ఉన్నాయనుకుంటే, ఒక్కో దాని దగ్గర నాలుగు నుంచి రెండుకు దిగి మళ్లీ నాలుగుకు ఎక్కాలి. పోయేటప్పుడు అరవై, వచ్చేటప్పుడు అరవై గేరు మార్పులు. మధ్యలో గొర్రెల మంద, వడ్ల ట్రాక్టరు, ఆర్టీసీ బస్సు స్టాపు వేరే. ఎడమ మోకాలు నొప్పి ఉన్నవాళ్లకు ఏఎంటీ గేర్లు, అంటే క్లచ్ తొక్కకుండా వాటంతటవే మారే గేర్లు, ఈ దారుల మీదా అక్కరకొస్తాయి. ఏఎంటీలో గేరు మారినప్పుడు చిన్న ఊగు ఉంటుంది. కాలు కొంచెం తేలికగా ఆనిస్తే అది చాలావరకు తగ్గుతుంది. మైలేజీలో మాన్యువల్‌కు తీసిపోదు. కొన్ని మోడళ్లలో బ్రోచర్ అంకె దీనిదే పైచేయి.

ఎండ సంగతి విడిగా చెప్పుకోవాలి. నల్లగొండలో వేసవి 44 డిగ్రీలు దాటడం వార్త కూడా కాదు. మధ్యాహ్నం రెండింటికి బడి ఆవరణలో ఎండకు నిలబెట్టిన కారు తలుపు తీస్తే మొదట వేడి గాలి మొహాన కొడుతుంది, స్టీరింగ్ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది, సీటు బెల్టు ఇనుప కొక్కెం తగిలితే వాత పడ్డంత పని. వేప చెట్టు కింద పెడితే పిట్టల రెట్టలు, కానీ అది కడిగితే పోతుంది. ఈ ఎండకు తెల్ల రంగు కారు ఫ్యాషన్ కాదు, అవసరం. ఏసీ ఎంత తొందరగా చల్లబరుస్తుందో చూడాలంటే టెస్ట్ డ్రైవ్ పొద్దున పది గంటలకు కాదు, మధ్యాహ్నం రెండింటికి అడగాలి. షోరూం వాళ్లు కారును ముందే చల్లగా చేసి తెస్తారు. "ఎండలో అరగంట ఉంచి ఇవ్వండి" అంటే వింతగా చూస్తారు, చూడనీయాలి. వెనుక సీట్లో మనుషులు ఉండే కారైతే వెనుకకు ఏసీ గాలి వచ్చే దారి ఉందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది.

ఎండ ఏ వైపు నుంచి తగులుతుందన్నది కూడా దారిని బట్టే. నల్లగొండకు హైదరాబాద్ పడమటి దిక్కున ఉంది. నల్లగొండలో ఉండి అటు పోయి వచ్చేవాళ్లకు పొద్దునా సాయంత్రమూ సూర్యుడు వెనుకే. వనస్థలిపురంలో ఉండి నల్లగొండలో పనిచేసేవాళ్లకు రెండు పూటలా సూర్యుడు కళ్లలోకే. మహబూబ్‌నగర్ దారి ఉత్తర దక్షిణంగా పోతుంది. పాలమూరు నుంచి పొద్దున ఉత్తరానికి పోతుంటే తూర్పు ఎండ కుడి పక్కన, అంటే డ్రైవర్ మీద. సాయంత్రం దక్షిణానికి వస్తుంటే పడమటి ఎండ మళ్లీ కుడి పక్కనే. అదే హైదరాబాద్ నుంచి పాలమూరు వచ్చిపోయేవాళ్లకు ఎండంతా ఎడమ సీటుకు. అద్దాలకు నల్ల ఫిల్మ్ వేయించుకుందామంటే 2012లోనే సుప్రీంకోర్టు వద్దన్నది. కాబట్టి కంపెనీ నుంచే ఎండను అడ్డుకునే రంగు అద్దాలతో వచ్చే మోడల్ ఉంటే పాలమూరు డ్రైవర్లు దానికి నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టినా దండగ కాదు.

పెట్రోలా, గ్యాసా, కరెంటా

డీజిల్ చిన్న కార్ల కాలం దాదాపు అయిపోయింది. మారుతి 2020 ఏప్రిల్‌లోనే డీజిల్ మానేసింది. మిగిలిన కొన్ని మోడళ్లలోనూ పొగ వడపోసే ఫిల్టర్ ఒకటి ఉంటుంది. రోజూ ఎనిమిది, పది కిలోమీటర్లు ఊళ్లోనే తిరిగితే అది మసితో పూడుకుపోతుంది. హైవే మీద వరుసగా నడిచే కారుకైతే ఇబ్బంది లేదు. రోజుకు 100 దాటి తిరిగేవాళ్లు తప్ప మిగతావాళ్లు దీని జోలికి పోనక్కరలేదు.

సీఎన్జీ లెక్క చూడటానికి బాగుంటుంది. కిలో 96 రూపాయలు అనుకుని, కిలోకు 26 కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు 3 రూపాయల 70 పైసలు. పెట్రోలు కంటే 2 రూపాయల 30 పైసలు తక్కువ. పెట్రోలు మోడల్ కంటే 95,000 ఎక్కువ పెట్టి కొంటే అది తిరిగి రావడానికి 41,000 కిలోమీటర్లు తిరగాలి. దేవరకొండ టీచర్‌కు ఏడాదికి కొంచెం పైన. రోజుకు 40 తిరిగేవాళ్లకు మూడేండ్ల అయిదు నెలలు. లెక్కలో కనిపించనిది పంపు. బంకు రోజూ పోయే దారిలోనే ఉందా, పక్కకు ఎనిమిది కిలోమీటర్లు పోవాలా? పోయాక గ్యాసు ఒత్తిడి ఉంటుందా, వరుసలో అరగంట నిలబడాలా? వారంలో మూడుసార్లు అరగంట చొప్పున పోయేవాళ్లు ఆ రెండు రూపాయలు మిగిల్చారని చెప్పడం కష్టం. డిక్కీలో సగం సిలిండరే తింటుంది. టాటా, హ్యుందాయ్ ఇప్పుడు రెండు చిన్న సిలిండర్లను అడుగున పెట్టి డిక్కీని కాపాడుతున్నాయి. మూడేండ్లకోసారి సిలిండర్‌కు ఒత్తిడి పరీక్ష చేయించడం మరువకూడదు.

కరెంటు కారు గురించి ఈ జిల్లాల్లో భయం ఎక్కువ, లెక్క తక్కువ. యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు పట్టుకుంటే నెలకు 1,000 కిలోమీటర్లకు 143 యూనిట్లు. ఇంటి వాడకం ఇప్పటికే నెలకు 180 యూనిట్లు ఉందనుకుందాం. రాష్ట్ర కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) రేట్లలో 101 నుంచి 200 యూనిట్ల వాళ్లకు మొదటి వందకు 3.40, తర్వాత వందకు 4.80. అంటే 180 యూనిట్లకు 724 రూపాయలు. కారు చేరితే 323 యూనిట్లు. 200 దాటగానే శ్లాబు మొత్తం మారుతుంది. మొదటి 200కు 5.10, తర్వాత వందకు 7.70, ఆపైన 400 దాకా 9 రూపాయలు. మొత్తం 1,997. కారు వల్ల పెరిగింది 1,273 రూపాయలు, కిలోమీటరుకు రూపాయి పావలా. అదే దూరానికి పెట్రోలు 6,000. ఒకవేళ ఆ ఇల్లు 2024 నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు పొందుతుంటే, కారు ప్లగ్ పెట్టిన నెల నుంచి ఆ సున్నా పోతుంది. పెరిగిన 1,273కు బదులు మొత్తం 1,997 చేతి నుంచి కట్టాలి. కారున్న ఇంటికి ఆ పథకం ఉండాలా అన్నది వేరే చర్చ.

ధరలో తేడా రెండు మూడు లక్షలు ఉన్నా దాన్ని పన్ను కొంత పూడుస్తుంది. తెలంగాణలో అయిదు నుంచి పది లక్షల పెట్రోలు కారుకు లైఫ్ ట్యాక్స్ 14 శాతం. కరెంటు కార్లకు 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేశారు. ఎనిమిది లక్షల కారు మీద ఇది లక్షా పన్నెండు వేలు. అటువైపు 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1,200 సీసీ లోపు పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గడంతో పెట్రోలు కారు కూడా చవకైంది. కరెంటు కారు జీఎస్టీ 5 శాతమే. 

అసలు ప్రశ్న సొంత ఇల్లు, సొంత మీటరు, కారు నిలిపే చోట ప్లగ్గు ఉన్నాయా అన్నది. నల్లగొండలోనో, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనో సొంత ఇల్లు, రోజుకు 40 నుంచి 80 కిలోమీటర్ల తిరుగుడు ఉన్నవాళ్లకు టియాగో లాంటి 24 యూనిట్ల బ్యాటరీ కారు సరిగ్గా అతుకుతుంది. కంపెనీ చెప్పే దూరంలో మూడింట రెండు వంతులే నమ్మాలి, మే నెల ఏసీతో ఇంకొంచెం తక్కువ. ఒక్క ఛార్జ్‌తో హైదరాబాద్ పోయి రావాలనుకునేవాళ్లకు చిన్న బ్యాటరీ పనికిరాదు. రోడ్డు పక్క ఫాస్ట్ ఛార్జర్ దగ్గర యూనిట్ 20 రూపాయలు పడితే కిలోమీటరు మూడు రూపాయలవుతుంది, లాభం మూడో వంతు తగ్గిపోతుంది. అద్దె ఇంట్లో, రెండో అంతస్తులో ఉండేవాళ్లు ఇంకొన్నాళ్లు ఆగడమే మంచిది. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. బ్యాటరీ ఫ్యాక్టరీకి రాయి పడిన ఊరి చుట్టుపక్కల జనమే బ్యాటరీ కారంటే జంకడం ఒక చిత్రం.

హైవే మీద రెండు చిల్లర లెక్కలు

వేగం 80 నుంచి 100కు పెరిగితే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది. నార్కట్‌పల్లి నుంచి చౌటుప్పల్ దాకా 100లో పోతే కలిసొచ్చేది అయిదారు నిమిషాలు. ఆ మిగిలిన నిమిషాలు పంతంగి టోల్ దగ్గరో, హయత్‌నగర్ సిగ్నల్ దగ్గరో కరిగిపోతాయి. పొదుపు కోసం కారు మార్చేకంటే కాలు మార్చడం చవక.

రెండోది టోల్. 2025 ఆగస్టు 15న ఫాస్టాగ్ వార్షిక పాస్ 3,000 రూపాయలకు వచ్చింది. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. చాలామంది ఏడాది మాటే విన్నారు. పంతంగి గానీ, షాద్‌నగర్ దగ్గర రాయికల్ గానీ దాటడం ఒక ట్రిప్పు, తిరిగి రావడం ఇంకోటి. రోజూ తిరిగేవాళ్లకు నాలుగు నెలల్లో 200 అయిపోతాయి. అంటే ఏడాదికి మూడు పాసులు, ఆ ధరకు 9,000. అయినా దాటిన ప్రతిసారీ దాదాపు 15 రూపాయలే కాబట్టి లాభమే. టోల్ గేటుకు 20 కిలోమీటర్ల లోపు ఇల్లున్నవాళ్లకు స్థానికుల నెల పాస్ వేరే ఉంది, రెండూ పోల్చుకోవాలి. ఈ వార్షిక పాస్ జాతీయ రహదారుల మీదే చెల్లుతుంది. నార్కట్‌పల్లి–అద్దంకి రాష్ట్ర రహదారి మీద మాడుగులపల్లి టోల్ దగ్గర ఇది పనిచేయదు.

పాత కారు కొనేవాళ్లకు ఇంకో మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లు దానికి తగ్గట్టు వచ్చాయి. అంతకు ముందువాటిలో మైలేజీ కొంత తగ్గుతుంది. బాగా పాతవాటిలో రబ్బరు పైపులు, సీళ్లు ఒకసారి మెకానిక్‌తో చూపించుకోవాలి. ఆర్సీ మీద ఫైనాన్స్ పేరు తీసేశారో లేదో, సర్వీస్ సెంటర్ రికార్డులో కిలోమీటర్లు, మీటర్‌లో కిలోమీటర్లు ఒకటేనో కాదో చూడకుండా బయానా ఇవ్వకూడదు. నంబర్ ప్లేట్ మీద టీఎస్ ఉందని, టీజీ లేదని బేరం తగ్గించేవాళ్లూ ఉన్నారు. పాత టీఎస్ నంబర్లు అలాగే చెల్లుతాయి.

చివరి టెస్ట్ డ్రైవ్ బైపాస్ మీద రెండు కిలోమీటర్లు కాదు, రోజూ పోయే దారిలోనే చేయాలి. కుదిరితే చీకటి పడ్డాక కూడా ఒకసారి. వరి కోతల కాలంలో రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. ఎదుటి లారీ లైట్లు కళ్లలో కొడుతున్నప్పుడు ఆ రాళ్లు కనిపించాలంటే సొంత కారు హెడ్‌లైట్లు ఎంత దూరం వెలుగిస్తాయో ముందే తెలిసి ఉండాలి. రాయికి తగిలి టైరు పక్క గోడ చీలితే కొన్ని కార్లలో స్టెప్నీకి బదులు ఇచ్చే పంక్చర్ కిట్ ఎందుకూ కొరగాదు. అది మేకు గుచ్చుకున్న చిల్లుకే. రాత్రి తొమ్మిదింటికి దేవరకొండ దారిలో మల్లేపల్లి దాటాక తెరిచి ఉన్న పంక్చర్ షాపు దొరకడం అదృష్టం. అందుకని సంతకం పెట్టే ముందు డిక్కీ తెరిచి, కింద చాప ఎత్తి, అక్కడ నిజం టైరు ఉందో, దాని చుట్టుకొలత మిగతా నాలుగింటికి సమానమో కాదో, జాకీ, స్పానర్ ఉన్నాయో లేవో చేత్తో తడిమి చూసుకోవాలి.